పర్మనెంట్ అనే మాట

లామినేషన్ మిషన్ వేడెక్కేటప్పుడు ఒక వాసన వస్తుంది, కాలీ కాలని ప్లాస్టిక్ వాసన. మెదక్ చౌరస్తా దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను కాబట్టి రోజూ పీలుస్తూనే ఉంటాను, అయినా అలవాటు కాలేదు. నసీమ్ ఆపా నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టిన పూట కూడా ఆ మిషన్ వేడెక్కుతూనే ఉంది. ఆ సంతకం పెట్టించింది నేనే. ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆపా చెప్పలేదు, నేను చెప్పుకోలేదు.

ఆపా నాకు ఇంగ్లిష్ నేర్పిన మనిషి. బడిలో కాదు. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నాలాంటి వాళ్ళకు తన ముందుగదిలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేది. అంతకుముందు కెనడాలో ఉండి వచ్చింది. భర్తకు అక్కడ శాశ్వత నివాసం దొరికితే కూతురు సనాను తీసుకుని ముగ్గురూ వెళ్ళారు. ఏడాది తిరక్కుండానే ఆయన గుండెపోటుతో పోయాడు. మరో ఆరు నెలలకు ఇక్కడ ఆపా తండ్రికి పక్షవాతం వచ్చింది. చూసుకునే దిక్కు ఇంకెవరూ లేరు. కాలేజీలో చదువుతున్న సనాను అక్కడే మేనత్త ఇంట్లో ఉంచి, రెండు నెలల్లో వస్తానని చెప్పి ఆపా వచ్చేసింది. మంచం పట్టిన మనిషి మన లెక్క ప్రకారం లేవడు, మన లెక్క ప్రకారం పోడు. ఆ రెండు నెలలు దాదాపు నాలుగేళ్ళయ్యాయి.

మొదట్లో నేను క్లాసులో నోరు మెదిపేదాన్ని కాదు. తప్పు పోతుందేమోనని భయం. ఒకరోజు అందరి ముందూ నన్ను లేపి నిలబెట్టింది. "నోరు తెరువు స్వరూపా. తప్పు మాట్లాడితే ఏమైతది, జైల్ల ఏస్తరా? తెల్వకున్నా ధైర్యంగ మాట్లాడు. జర ఆగినవంటే అయిపోయినవ్." మరుసటి వారం వాళ్ళ నాన్న పెన్షన్ పని మీద నన్ను బ్యాంకుకు తీసుకుపోయి, తాను వెనక నిలబడి, మేనేజర్ ముందుకు నన్ను తోసింది. నేనేదో మాట్లాడాను. బయటికొచ్చాక ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. "సగం తప్పే మాట్లాడినవ్. గని పని అయిందా లేదా?" పనయింది. ఇక నేను ఆగలేదు. ఆ ధైర్యంతోనే ఈ సెంటర్ పెట్టాను. ఇంగ్లిష్ కాగితమేదైనా స్వరూపకు చూపించండ్రి అని వీధంతా చెప్పింది కూడా ఆపానే. నాకు కొమ్ములొచ్చాయని వేరే చెప్పాలా.

మా నాన్న మున్సిపాలిటీలో పంపు ఆపరేటర్, చాలా ఏళ్ళుగా కాంట్రాక్టు మీదే. మా ఇంట్లో పర్మనెంట్ అనే మాట దేవుడి పేరుతో సమానం. ఆపా ఇంట్లో నల్లా పాడైతే బాగుచేయడానికి నాన్న వచ్చిన రోజు, గొప్పగా ఆమె కెనడా కార్డు తీసి ఆయనకు చూపించాను. పర్మనెంట్ రెసిడెంట్ అని అచ్చేసి ఉంది. నాన్న చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.

"పర్మనెంట్ అయినంక ఇగ దిగులేంది చెల్లె? సెలవు మీద పోయినా, ఇంట్ల పన్నా, నిన్నెవరు తీసేస్తరు?"

"గట్లనే కావాలె అన్నా" అని ఆపా కార్డును మళ్ళీ పర్సులో పెట్టుకుంది.

మా ఊరి అర్థం అది. పర్మనెంట్ అయ్యేదాకానే కాళ్ళావేళ్ళా పడటం, అయ్యాక ఎవరూ అడగరు. ఆ దేశంలో ఆ మాటకు అర్థం వేరని, ప్రతి ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళు అక్కడ ఉండాలని మాలో ఒక్కరికీ తెలియదు. కాగితాల పనంతా భర్తే చూసుకునేవాడు కాబట్టి ఆపాకూ తెలియదు.

తండ్రి పోయాక ఆపా నా సెంటర్‌కు వచ్చింది. అక్కడ సనా నిఖా ఖాయమైంది, పది వారాలే ఉంది. కార్డు మీది తేదీ దాటి మూడు నెలలైంది. చెల్లే కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు. నేను కంప్యూటర్‌లో వెతికాను. రెండు దారులు కనిపించాయి. కార్డు గడువు తీరినవాళ్ళు తిరిగి వెళ్ళడానికి ప్రయాణపత్రం అడగడం ఒకటి. ఐదేళ్ళలో ఏడాదిన్నరే ఎందుకున్నావని నిలదీస్తారు, ఇవ్వకపోనూవచ్చు. రెండోది, పర్మనెంట్ హోదాను నా ఇష్టంతో వదులుకుంటున్నానని రాసిచ్చి, చుట్టపుచూపుగా వెళ్ళే వీసా అడగడం. అది సులువుగా అనిపించింది.

"డేటు అయిపోయిందంటే నా పర్మనెంట్ గూడ అయిపోయినట్టేనా?" అని ఆపా అడిగింది.

నాకు తెలియదు. ఆమె వెనక కులం సర్టిఫికెట్ల కోసం ఏడుగురు నిలబడి ఉన్నారు. నేను ఆగలేదు.

"అయిపోయినట్టే ఆపా. డేటు పోయినంక ఇంకేముంటది? పోయినదాన్ని పోయిందని రాసిచ్చుడే గదా."

"ఖాయమేనా?"

"ఖాయమే."

సంతకం పెట్టింది.

తేదీ తీరేది కార్డుకే. మనిషి హోదా ఉన్నచోటే ఉంటుంది, అక్కడి అధికారులు విచారించి తీసేసేదాకా, లేదా మనమే చేజేతులా వదులుకునేదాకా. తండ్రి దవాఖానా కాగితాలు జతచేసి, ఈ కారణం వల్ల రాలేకపోయాను, దయచూడండి అని ఆపా అడిగి ఉండవచ్చు. కాదనేవాళ్ళేమో, నాకు తెలియదు. అడిగే అవకాశమైతే ఉండేది. దాన్ని ఆమె చేత్తోనే నేను తుడిపేయించాను.

ఆపా వెళ్ళి నిఖా చూసింది, చుట్టాలకిచ్చే ఆరు నెలలు తీరగానే తిరిగి వచ్చింది. వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం అదే స్టూలు మీద కూర్చుంది. "నా బిడ్డ దగ్గరికి నేను పోతే ఎన్ని రోజులుంటవని అడిగిండు ఎయిర్‌పోర్టుల ఆఫీసరు" అంది. "సనాకు అక్కడ వకీలు చెప్పిండంట. డేటు పోయింది కార్డుకేనంట, నాకు గాదంట" అంది.

"నాకు తెల్వక చెప్పిన ఆపా."

"తెల్వదని ఆనాడే అంటే నేనేమనుకుంటుంటి బిడ్డా? ఇంకొకల్లను అడుగుతుంటి."

అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు సరికదా, మరుసటి వారమే ఎవరో పెద్దాయన కొడుకు వీసా కాగితాలు పట్టుకుని వచ్చాడు, నసీమ్ మేడం పంపిందని. తరువాత కూడా మనుషులను పంపుతూనే ఉంది. అది నమ్మకమో శిక్షో నాకు అర్థం కాలేదు, అడిగే ముఖమూ లేదు.

తల్లిని మళ్ళీ పిలిపించుకోవడానికి సనా అర్జీ పెట్టాలనుకుంది, దానికి ఏళ్ళు పడుతుందన్నారు. ఆపాకు అన్ని ఏళ్ళు లేవు. పోయినేడు జ్వరంతో పోయింది. సనా వచ్చేసరికి మట్టి ఇచ్చి రెండు రోజులైంది. వెళ్ళేముందు మరణ ధ్రువపత్రం జిరాక్సుల కోసం నా దగ్గరికి వచ్చింది. తల్లి కళ్ళే.

"మమ్మీ మీ గురించి మస్తు చెప్పేది అక్కా. ఒక్కటే చెప్పలే. ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఎవరు చెప్పిన్రని ఎన్నిసార్లడిగినా చెప్పలే. మీకేమన్న తెలుసా?"

ఆపా ఖాయమేనా అని అడిగిన రోజు నా నోటికి రాని మాట, ఇప్పుడు ఆమె బిడ్డ అడగ్గానే వచ్చేసింది.

"నాకు తెల్వదు సనా" అన్నాను.