ఒక చువ్వ తక్కువ

జనగామ కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో నన్ను మహబూబాబాద్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక మండలానికి సర్వేయరుగా బదిలీ చేశారు. ఉత్తర్వులో మండలం పేరు రెండుసార్లు చదివాను. మా తాత దొరగా ఉన్న గ్రామం ఆ మండలంలోనే ఉంది. వేరే చోటుకు మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు గాని, కారణం రాయాలి. ఆ కారణం కాగితం మీద పెట్టడం ఇష్టంలేక వెళ్లి చేరాను.

మా తాత కాలంలో ఆ ఊరి భూమిలో సగం మాది. మా నాన్న కాలానికి దొరల కోటలాంటి గడి గోడలే మిగిలాయి. నా కాలానికి ఆ గోడల రాళ్లు కూడా ఊళ్లోవాళ్ల పునాదుల్లోకి వెళ్లాయి. అలా పోవడం న్యాయమా కాదా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. భూమి పోయిన ఇంట్లో పుట్టి, భూమి కొలిచే ఉద్యోగం చేశాను. ఎవరి పొలం హద్దు గెట్టునూ ఎవరి మాట మీదా జరపలేదు. అది నా గర్వం. ఇంకొకటి, నిటారుగా నడవడం. చిన్నప్పుడు తల వంచుకొని నడిస్తే మా అమ్మ వెనక నుంచి వీపు మీద చరిచేది.

మెడ నొప్పి మహబూబాబాద్‌లోనే మొదలైంది. ఏళ్ల తరబడి ఇనుప గొలుసు ఎడమ భుజాన వేసుకొని, మోటారు సైకిలు మీద గతుకుల దారుల్లో తిరిగిన ఫలితం. మొదట భుజం పట్టేసింది. తర్వాత మెడ నుంచి బొటనవేలు దాకా కరెంటు పాకినట్టు లాగడం, ఆ పైన బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారడం. అక్కడి ఎముకల డాక్టరు ఫిల్ము చూసి, మెడపూసల మధ్య నరం నొక్కుకుపోయిందని చెప్పాడు. బరువు భుజాన వేయవద్దన్నాడు. మెడకు పట్టా ఇచ్చాడు, గడ్డం లోపలికి లాగి పట్టే వ్యాయామం నేర్పాడు. మరీ లాగినప్పుడు చెయ్యి ఎత్తి నెత్తిమీద పెట్టుకుంటే నరం వదులై ఉపశమనం ఉంటుందన్నాడు.

అన్నీ పాటించాను, ఆ చివరిది తప్ప. మా వైపు నెత్తిన చెయ్యి పెట్టుకొని కూర్చున్నవాణ్ని చూస్తే ఇల్లు మునిగిందనే అనుకుంటారు. మా ఇల్లు నిజంగానే మునిగింది. కాబట్టి నలుగురిలో ఆ పని నా వల్ల కాదు. తలుపు వేసుకొని గదిలో పెట్టుకునేవాణ్ని. పట్టా కూడా ఫీల్డులో తీసేసేవాణ్ని. దాని మీద గొలుసు లాగే మా చైన్‌మన్ యాకూబ్ ఒక మాట అన్నాడు. "ఎందుకు తీస్తరు సార్? పట్టా పెట్టినా పెట్టకున్నా మీ మెడ గట్లనే ఉంటది. ఎవలకు ఎర్కైతది?"

యాకూబ్‌ది జనగామ. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, బయట తెలుగు. నాకంటే రెండేళ్లు పెద్ద. గొలుసు లాగడంలో అతనంత సూటిగా నడిచేవాణ్ని నేను చూడలేదు.

ఇక అసలు సంగతి. మే నెలలో మా తాత ఊరి నుంచే ఒక ఎఫ్ లైన్ అర్జీ వచ్చింది. హద్దు చూపించమని రైతు పెట్టుకునే దరఖాస్తును మా శాఖలో అలా అంటాం. అర్జీదారు సోమయ్య, పక్క ఊరి నుంచి వచ్చి భూమి కొన్నవాడు. అతని పక్క పట్టాదారు లచ్చవ్వ. భర్త పోయిన మనిషి, నాలుగెకరాలు, ఒకే ఒక్క బావి. ఆ బావి గెట్టుకు దగ్గరలో ఉంది. గెట్టు ఎటు జరిగితే బావి అటు పోతుంది.

కొలత పద్ధతి చెప్పాలి. నిజాం కాలంలో ప్రతి సర్వే నంబరుకూ కొలతలతో గీసిన చిత్తు పటాన్ని టిప్పన్ అంటారు. ఇద్దరు రైతులూ ఒప్పుకున్న పాత రాయి దగ్గర మొదలుపెట్టి, టిప్పన్‌లో ఉన్నన్ని గొలుసులు కొలుచుకుంటూ పోవాలి. గొలుసు ముప్పై మూడు అడుగులు. దాన్ని పదహారు అణాలుగా లెక్కిస్తాం. ముందు నడిచేవాడి దగ్గర పది ఇనుప చువ్వలు ఉంటాయి. గొలుసు నిండిన ప్రతిసారీ ఒక చువ్వ నేలలో గుచ్చుతాడు. వెనక వచ్చేవాడు దాన్ని పీకి తన చేతిలో వేసుకుంటాడు. వెనకవాడి చేతిలో ఎన్ని చువ్వలుంటే అన్ని గొలుసులు నడిచినట్టు. చివర్న ఇద్దరి చేతుల్లోవీ కలిపితే పది రావాలి.

ముందు యాకూబ్ నడిచాడు, రెండో చైన్‌మన్ పోస్టు ఖాళీగా ఉన్నందువల్ల వెనక నేనే నడిచాను. పాత సర్వేయర్లం చువ్వల్ని చూసి లెక్కపెట్టం. ఎడమ చేతి వేళ్ల మధ్య పట్టుకొని, స్పర్శతో తెలుసుకుంటాం. తల దించకుండా, చూపు దిశ కోసం ముందు పాతిన జెండా మీదే ఉంచి ఎన్ని గొలుసులయ్యాయో చెప్పగలగడం మాకొక దర్జా. నా ఎడమ చేతి రెండు వేళ్లు మొద్దుబారి ఉన్నాయని నాకు తెలుసు. అయినా ఆ దర్జా వదల్లేదు.

సోమయ్య వైపున్న పాత రాయి నుంచి గెట్టు దాకా టిప్పన్ ప్రకారం తొమ్మిది గొలుసులు. చేతిలో తొమ్మిది కాగానే ఆపమన్నాను. సున్నంతో గీత పోయించాను. బావి సోమయ్య వైపు పడింది.

లచ్చవ్వ ఏడవలేదు. నేనెవరి మనవణ్నో తెలిసిన మనిషి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. "మీ తాత గడీల కూసుండి మా భూములు కలుపుకున్నడు. నువ్వు గొలుసు వట్టుకోని వచ్చినవ్. గంతే ఫరక్" అంది.

"లెక్క లెక్కనే గదా అవ్వా. సార్ పటం జూసి కొలిసిండు" అన్నాడు సోమయ్య.

"నా పెనిమిటి తవ్విన బాయి మీ పటంల ఎట్ల మునిగిందిరా?"

నేను పంచనామా రాయడం మొదలుపెట్టాను. సోమయ్య సంతకం చేశాడు. లచ్చవ్వ వేలిముద్ర వేయనంది. వేయకపోతే నిరాకరించిందని రాసి సాక్షుల సంతకాలు తీసుకోవచ్చు. అది రాయబోతుండగా యాకూబ్ చువ్వలు సంచిలో సర్దుతూ నా పక్కకు వచ్చి వంగాడు. "సాబ్, ఏక్ కమ్ హై." ఒకటి తక్కువ.

అతని చేతిలో ఒక్క చువ్వా మిగల్లేదు. నేనిచ్చినవి తొమ్మిది. అంటే దారిలో ఒక చువ్వ నా చేతిలోంచి జారింది, నా వేళ్లకు తెలియలేదు. పది గొలుసులు నడిచి తొమ్మిది అనుకున్నాను. గెట్టు ముప్పై మూడు అడుగులు లచ్చవ్వ భూమిలోకి పోయింది.

యాకూబ్ గొంతు ఇంకా తగ్గించాడు. "నేను ఎవలకు జెప్ప సార్. గొలుసు సాగిందని అందాం. రేపు కొత్త గొలుసుతోని మళ్ల కొలుద్దాం. మీ ఊర్ల మీ ఇజ్జత్ పోవద్దు."

అతను నా మేలు కోరే అన్నాడు. ఎవరూ తప్పుపట్టని సాకు అది. కానీ గొలుసు సాగలేదు. పైగా సోమయ్య ఆ సాయంత్రమే రాళ్లు పాతించడానికి మనుషుల్ని మాట్లాడుకొని ఉన్నాడు. ఒకసారి రాయి పాతితే దాన్ని తీయించడానికి లచ్చవ్వ ఎన్ని ఆఫీసులు తిరగాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? మా తాత పేరు చెప్పి ఆమె అన్న మాట కూడా నిజమైపోతుంది.

లేచి అందరికీ వినపడేలా చెప్పాను. నా చెయ్యి మొద్దుబారింది, చువ్వ జారింది, లెక్క సరిచూడకుండా హద్దు వేశాను, తప్పు నాదే, మళ్లీ కొలుస్తాను అని. రాసిన పంచనామాకు అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం చేశాను.

"గిదేంది సార్, సున్నం పోసినంక?" అన్నాడు సోమయ్య.

"సున్నం చెరిపితే పోతుంది" అన్నాను.

మళ్లీ పాత రాయి నుంచి మొదలుపెట్టాం. ఈసారి చువ్వలు కుడి చేతిలో పట్టుకొని, ఒక్కొక్కటీ చూసి, పైకి లెక్కపెట్టాను. మూడో గొలుసుకే ఎడమ చెయ్యి కిందికి వేలాడదీయలేనంత నొప్పి. ఆగితే కొలత ఆగుతుంది. ఎడమ చెయ్యి ఎత్తి నెత్తిమీద పెట్టుకున్నాను. మా తాత ఊళ్లో, అందరి ముందూ, అలాగే నడిచాను.

గెట్టు మీద ఎవరో అన్నారు, "దొరోరి ఇల్లు ఇయ్యాల మునిగినట్టుంది." నలుగురు నవ్వారు.

లచ్చవ్వ నవ్వలేదు. నా వెంబడే నడుస్తూ, "ఏంది బిడ్డా, బాయి పోయేది నాది. నెత్తిన చెయ్యి నువ్వు వెట్టుకుంటివి?" అంది.

నరం నొక్కుకుపోయిందనీ, చెయ్యి దించితే నొప్పి అనీ చెప్పాను.

"మరి పొద్దుగాల్నే జెప్పకపోతివి. ఎవలన్న పట్టకపోదురా గొలుసు" అంది.

ఐదో గొలుసు దగ్గర, కోయకుండా నిలిచిన పత్తి కట్టెల మధ్య, జారిన చువ్వ దొరికింది. చువ్వ తలకు కట్టిన ఎర్ర గుడ్డ వెలిసి మట్టి రంగులో ఉంది. దాన్ని యాకూబ్‌కు అందించి మిగతా కొలత పూర్తిచేశాను. చివర్న నా చేతిలో తొమ్మిది, అతని చేతిలో ఒకటి. సోమయ్యనే పిలిచి లెక్కపెట్టమన్నాను. రెండుసార్లు లెక్కపెట్టి సరేనన్నాడు. బావి లచ్చవ్వ భూమిలో, గెట్టుకు పది అణాల లోపలికి ఉంది. కొత్త పంచనామా మీద ఇద్దరూ ఒప్పుకున్నారు. వేలిముద్ర వేశాక లచ్చవ్వ బావి దగ్గరికి వెళ్లి మోటారు వేసింది.

మర్నాడు జరిగింది జరిగినట్టు తహసీల్దారుకు నివేదిక రాశాను. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చాను. ఉద్యోగం మొత్తంలో నాకు వచ్చిన మెమో అదొక్కటే. దాని నకలు నా ప్రశంసా పత్రాలతో పాటే ఉంచాను. నా సంతకం కింద అబద్ధం లేదనడానికి నా దగ్గరున్న రుజువు అదే.

తర్వాత భూపాలపల్లికి వెళ్లి, సర్వే డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. అక్కడ కొత్తగా చేరిన సర్వేయర్లకు మూడు నియమాలు పెట్టాను. చువ్వలు కళ్లతో చూసి లెక్కపెట్టాలి. రెండు చేతులవీ కలిపి పది వచ్చాకే పంచనామాకు కలం తీయాలి. మూడోది నేను ఆలస్యంగా నేర్చుకున్నది. ఒంట్లో బాగాలేకపోతే గొలుసు ముట్టకముందే ఆ మాట చెప్పాలి. సర్వేయరు దాచుకున్న నొప్పి ఎవరో ఒకరి భూమిలోకి జరుగుతుంది.

మెడ వ్యాయామం ఇప్పటికీ రెండు పూటలా చేస్తాను. నరం లాగినప్పుడు, ఎక్కడున్నా సరే, చెయ్యి నెత్తిన పెట్టుకుంటాను. అడిగినవాళ్లకు కారణం చెబుతాను.