తాత అర్రలో నా రేడియో

తాత పోయిన తర్వాత ఆయన పడుకున్న అర్ర నాకు దక్కింది. మాది చెన్నూరు. డిప్లొమా పూర్తిచేసి, కాగజ్‌నగర్ మిల్లుకు దరఖాస్తు పెట్టి, పిలుపు వచ్చేదాకా రేడియోలు విప్పుతూ బిగిస్తూ కాలం గడుపుతున్నాను. "విప్పుడే గని బిగిచ్చుడు కనబడ్తలేదు" అనేది అవ్వ, అంటే మా అమ్మ.

అర్రను పద్ధతి ప్రకారం అలంకరించాను. తూర్పు గోడ రేడియోది: బల్ల, వాల్వులు, బ్యాటరీలు, తీగచుట్టలు. పడమటి గోడ తాతది: ఆయన రుమాలు, చేతికర్ర, కళ్లజోడు, చిలుం, అట్టకు అంటించిన నిజాం కాలపు పైసలు. మేకులన్నీ మట్టం పెట్టి ఒకే వరుసలో కొట్టాను. ప్రతి వస్తువు కింద చీటీ అంటించాను. కళ్లజోడు కింద 'కుడి అద్దం పగిలినది' అని కూడా రాశాను, చూసేవాళ్లకు అనుమానం రాకూడదని.

మొదట చూసింది మా మేనత్త, తాత కూతురు. "పోయిన మనిషి సామాను ఎవలన్న గోడకు కొడ్తరార? గోదావరిల ఇడిశిపెట్టాలె."

"ఇది గౌరవం అత్తా."

"గౌరవమైతే చిలుముల పొగాకన్న పెట్టు."

తాత ఏడాది మాసికం వచ్చింది. మా వైపు ఆ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టాకే అందరికీ అన్నం. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో ఊహించి, తీరుస్తామని ఎవరో ఒకరు మాట ఇవ్వాలి.

దొడ్డి గోడ మీద విస్తరి పెట్టారు. యాటకూర, గారెలు, దొప్పలో కల్లు. కాకులు వేపచెట్టు మీద చేరి అరిచాయి తప్ప దిగలేదు.

మా నాన్న, తాత కొడుకు బాపు, ముందుకొచ్చి, చేను అమ్మనని మాట ఇచ్చాడు. కాకులు కదలలేదు. "మామా, కూరల ఉప్పు తక్కువైందా?" అని అవ్వ అడిగింది. కదలలేదు. అత్త నా వైపు తిరిగింది.

"ఆయన సామానంత దుకాణం లెక్క గోడకెక్కిచ్చిండు గీ పోరడు. కండ్లజోడు కింద చీటి! ఎట్ల తింటడు?"

ఆకలి మీదున్న చుట్టాలందరూ నన్నే చూశారు. అర్ర చేజారుతోందని అర్థమైంది. కాకుల వైపు చూశాను. విస్తరికి సరిగ్గా పైన నా రేడియో ఏరియల్ తీగ ఉంది. వేపచెట్టు నుంచి దొడ్డి మూలన పాతిన వెదురుగడ దాకా కొత్త రాగి తీగ, ఎండకు మెరుస్తోంది. కారణం దొరికింది, అందులో తాత ప్రమేయం ఏమీ లేదు. చెబితే వినరని, మెల్లగా వెదురుగడ దగ్గరికి వెళ్లి ముడి విప్పాను.

తీగ కిందికి జారుతుండగానే అత్త చేతులు జోడించింది. "నాయినా, నీ అర్ర నీకే ఉంచుతం. గా రేడియో డబ్బను బర్రెల కొట్టంలకు పంపుతం. తిను నాయినా!"

కాకి దిగింది. యాటకూరతో మొదలుపెట్టింది.

కళ్లు తుడుచుకుంటూ అందరూ భోజనాలకు లేచారు. "తీగ తీసినందుకు దిగింది" అన్నాను. ఎవరూ ఆగలేదు. బాపు ఒక్కడే ఆగాడు.

"రుజువు చేస్తవా?"

"చేస్త."

"చేస్తే అర్ర నీదే. లేకుంటె ఇచ్చిన మాట మాటే."

మర్నాడు పొద్దున అదే తీగ అదే ఎత్తులో కట్టాను. అదే గోడ మీద విస్తరిలో మిగిలిన గారెలు పెట్టాను. నా లెక్క ప్రకారం కాకి రాకూడదు. అత్త తన ఊరికి పోయే బండిని నిలబెట్టించి మరీ వచ్చి కూర్చుంది.

కాకి నేరుగా వచ్చి తీగ మీద వాలింది. కాసేపు ఊగింది. ముక్కు తీగకే తుడుచుకుంది. దిగి ఒక గారె తీసుకుని, మళ్లీ తీగ మీదికే ఎక్కి తింది.

"మా నాయినకు తీగెతోని తక్లీబ్ లేదట. అర్రనే కావాల్నట" అంది అత్త, బండెక్కుతూ.

నేను అర్రలోకి వెళ్లేసరికి బాపు బల్లకు ఒక కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను.