నడుము లేని క్రోమోజోములు

మొన్న తెనాలిలో కంటి డాక్టరమ్మ నా గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, కదలకుండా లోపలికి చూడమన్నప్పుడు నేను ఉలిక్కిపడి తల వెనక్కి లాగేశాను. వచ్చే వారం శుక్లం ఆపరేషను కదా, భయపడుతున్నానని ఆవిడ అనుకున్నారు. భయం ఉన్న మాట నిజమే గాని, ఆ గాజుకన్నంలోంచి చూడగానే బాపట్లలో నేను పరిశోధన వెలగబెట్టిన రోజులనాటి మైక్రోస్కోపూ, దాని వెనక నిలబడ్డ మా గైడుగారూ కళ్ల ముందుకు వచ్చేశారు. ఈ శుక్లం కంటికి ఈ మధ్య అంత స్పష్టంగా కనబడింది అదొక్కటే.

మన రోజుల్లో గైడుగారంటే ఎంత హడలో మీకు నేను చెప్పక్కర్లేదు. తోటివాళ్లంతా బయాలజీ చదివితే నేను భయాలజీ చదివాను. వాళ్లందరికీ ఉల్లివేళ్లు అప్పగించి, నాకు మాత్రం తుంగజాతి గడ్డి వేళ్లు అప్పగించారాయన. అలా మొదట్లోనే నా వేరు వేరైపోయింది. ఆ గడ్డి రేపల్లెలో మా చేని పక్క కాలవగట్టున దండిగా ఉండేది గనక, శని, ఆదివారాలు ఇంటికి వెళ్లి, సోమవారం పొద్దున్నే లేత వేరుకొసలు తుంచి, స్పిరిటూ ఆసిడూ కలిపిన చిన్న సీసాలో వేసుకుని, పాసింజరెక్కి తెనాలిలో బండి మారి బాపట్ల చేరేదాన్ని. మూత ఎంత బిగించినా ఆ వాసన దాగేది కాదు. ఓసారి ఎదురుగా కూర్చున్న పూలమ్మే ఆవిడ ముక్కు చిట్లించి, "ఏంటమ్మా, చదువుకునే పిల్లవి, సంచిలో ఏంటది?" అని పెట్టెలో అందరికీ వినబడేలా అడిగింది. మా సార్ తెమ్మన్నారండి అన్నాను. "ఏం సారో, ఏం సారానో!" అందావిడ. తెనాలి వచ్చేదాకా తలెత్తలేదు నేను.

అసలు భయం ఇది కాదు. ఆ ఏడాది చివర వేరే ఊరి నుంచి ఒక పెద్దాయన మా పని పరీక్షించడానికి వస్తారనీ, కణం రెండుగా విడిపోయే దృశ్యం ఒక్క స్లయిడులోనైనా చూపించకపోతే నా సీటు తీసేస్తారనీ ముందే చెప్పారు. తోటివాళ్ల ఉల్లివేళ్లలో క్రోమోజోములు పుస్తకంలో బొమ్మల్లాగే నడుస్తున్నట్టు కనబడేవి. ఒక్కో దానికి సన్నని నడుము, కణం చీలేటప్పుడు వాటిని అటూ ఇటూ లాగే దారాలకు ఆ నడుము దగ్గరే పట్టు. తడిచీరని నడిమికి పట్టి లాగితే రెండు కొసలూ వెనక ఈడ్చుకొచ్చినట్టు వంగి వెళ్లేవి. నావాటికి నడుమూ లేదు, వంపూ లేదు. పుల్లల్లా బారుగా, పక్కపక్కన కదిలిపోయేవి. పైగా ఒకటి విరిగి, రెండు పొట్టి ముక్కలుగా కనిపించేది. వేరుకొసను గాజుపలకల మధ్య బొటనవేలితో నొక్కడమే ఆ విద్య కిటుకంతా. నా వేలు భయంతో వణికి అన్నిటినీ విరగ్గొట్టేస్తోందని నాకు నమ్మకం కుదిరిపోయింది. చెడిన స్లయిడును సబ్బునీళ్ల తొట్టిలో వేసి, కడిగి, మళ్లీ వాడుకోవడం మా లాబ్ ఆనవాయితీ. నా స్లయిడ్లన్నీ అలాగే, ఎవరి కంటా పడకముందే తొట్టిలోకి జారవిడిచాను.

పెద్దాయన వచ్చే రోజు పొద్దున ఇంకొకటి తొట్టిలో వేయబోతుంటే గైడుగారు వచ్చేశారు. నన్ను పక్కకు జరగమని కన్ను ఆనించి చూశారు. ఎంతకీ తల ఎత్తరు. నాకు రేపల్లె రైలు కూత వినబడుతోంది.

"ఇట్టాంటివి ఇదివరకు వచ్చినయ్యా?"

"వచ్చినయ్యండి."

"ఏవీ?"

నేను తొట్టి వైపు చూపించాను. ఆయన స్టూలు మీద కూలబడ్డారు. తిడితే బావుండును, తిట్టలేదు. చూపు ఆ తొట్టి మీదే ఉంచి, మెల్లగా చెప్పారు: తుంగజాతికి నడుము ఒక్కచోట ఉండదు, పొడవునా పట్టే, చీర అంచు పొడవునా పదిమంది పట్టుకుని నడిస్తే వంగదు కదా, అలాగ. మామూలు క్రోమోజోము తెగితే పట్టులేని ముక్క దారి తప్పి పోతుంది; వీటిలో తెగిన ముక్క కూడా నడుస్తుంది. అందుకే ఈ గడ్డి అక్కచెల్లెళ్లలోనే ఒకదానికి క్రోమోజోములు తక్కువ, ఒకదానికి ఎక్కువ. వరిచేలో సుడిదోమకీ, సీతాకోకచిలుకకీ ఇదే తీరట; బంధుత్వం లేని ఇళ్లలో ఒకే పోలిక విడివిడిగా పుట్టినట్టు. "నువ్వు విరగ్గొట్టింది కాదమ్మా. మీ కాలవగట్టున ఎప్పుడో విరిగి, బతికింది," అని కళ్లజోడు తీశారు. ఆ చెయ్యి వణుకుతోంది. సీసాలో వేరుకొసలూ అయిపోయాయి, మిగిలింది ఆ ఒక్క స్లయిడే. అదీ అప్పటికప్పుడు తడితడిగా చేసిందే, ఎండవేడికి ఆరిపోతే చూపించడానికి ఏమీ లేదు.

పెద్దాయన బండి ఆలస్యం. మేమిద్దరం ఆ గాజుముక్కకు కాపలా కూర్చుని, ఆరిపోతుందనిపించినప్పుడల్లా అంచున ఒక్క చుక్క ఆసిడు తాకిస్తూ, చంటిపిల్లకు పాలు పట్టినట్టు మధ్యాహ్నం దాకా బతికించాం. ఆయన వచ్చి, చూసి, చూసి, "నువ్వే చేశావా అమ్మా?" అన్నారు. "నేను విరగ్గొట్టలేదండి!" అనేశాను. పెద్దాయన పకపకా నవ్వారు. గైడుగారు నవ్వడం నేను చూడడం అదే మొదలు. నా సీటు నిలబడింది.

ఇప్పటి పిల్లలు అవే క్రోమోజోములను కంప్యూటరులో రంగురంగులుగా, హాయిగా చూస్తున్నారు. ఎవరి బొటనవేలూ వణకనక్కర్లేదు, మంచిదే. ఆ రోజుల్లో నా భయానికి నడుము లేదు, ఒళ్లంతా పట్టే; లాగితే నిలువునా ముందుకు కదిలేదాన్ని. ఇప్పటి భయం ఒక్క కన్నునే పట్టుకుని లాగుతోంది, మిగతా నేనంతా వెనక ఈడ్చుకుపోతున్నాను. నన్ను హడలగొట్టేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నా పక్కన స్టూలు వేసుకుని, నాతోపాటు చెయ్యి వణికేవాళ్లూ లేరు.