కుడి ఉంగరం వేలు

టైపు టీచరమ్మ వేళ్ళు ఊరుకునే రకం కావు. బస్సులో చేతిసంచి మీద, భోజనం దగ్గర కంచం అంచు మీద, పడుకుంటే మొగుడి వీపు మీద టకటకలాడుతూనే ఉంటాయి. "ఇవాళ నా వీపు మీద ఏం ఉత్తరం కొట్టావే?" అని ఆయన తెల్లారి అడుగుతాడు.

"సెలవు చీటీ," అంటుంది ఆవిడ.

పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ ఒక మేడ మీద గదిలో టైపు నేర్పింది. అక్కడ ఒకటే చట్టం: వేళ్ళ వైపు చూడకూడదు. చూసిన వాళ్ళ చేతుల మీద అట్టపెట్టె బోర్లించేది. మొగుడు కూడా ఆ అట్టపెట్టె కింద నుంచి వచ్చినవాడే. పరీక్ష తప్పాడు, టీచర్ని చేసుకున్నాడు. "ఎంత చెప్పినా వేళ్ళే చూసేవారు," అని ఆవిడ దెప్పితే, "నా వేళ్ళు చూసుకుని ఉంటే పాసయ్యేవాణ్ణి. నేను చూసింది నీవి," అంటాడు.

రోజులు ఒక్కలాగే ఉంటాయా? టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యారు. ఇనుపసామాను వాడు వచ్చి మిషన్లను తూకం వేసి పట్టుకుపోయాడు. ఆవిడ ఇంటికొచ్చి ఏడవలేదు. కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో మాస్టర్స్ చదువుతానంది. పాత డిగ్రీ ఒకటి పెట్టెలో పడి ఉండబట్టి సీటు దొరికింది.

"ఈ వయసులో కాలేజీ ఏంటి వదినా? పక్క బల్ల పిల్లలు నిన్ను అమ్మమ్మా అనగలరు," అంది ఆడపడుచు.

"అననీ. పురుళ్ళు పోయకుండానే మనవలొస్తారు."

మాటకు మాట అప్పజెప్పింది గానీ చదువు అంత తేలిగ్గా లొంగలేదు. చివరి ప్రాజెక్టు ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు. ఇన్నాళ్ళ చదువూ గంగలో పోసినట్టే. అప్పుడు ఆడపడుచు ముందు తల ఎలా ఎత్తుకోవాలి?

ఈసారి ఆవిడ చేసింది డాక్టరు గదిలో రోగులను వరసగా పిలిచే టోకెన్ల ప్రోగ్రాము. నంబరు కొడితే పేరు రావాలి, అంతే. కాలేజీ కంప్యూటరు మీద చక్కగా నడిచింది. సోమవారం పరీక్షలో మాత్రం ఎవరి ల్యాప్‌టాప్ మీద వాళ్ళే చూపించాలన్నారు. మొగుడు ఒక సెకండ్ హ్యాండు ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. అక్కడ మొదలైంది తంటా.

ప్రోగ్రాము రెండంటే తీసుకుంటుంది, మూడంటే తీసుకుంటుంది. ఒకటంటే మూతి తిప్పుకుంటుంది. 'అంకె మాత్రమే వేయండి' అని ఎర్ర అక్షరాలు.

"నేను వేసింది అంకె కాక గుమ్మడికాయా?" అని ఆవిడ తెరను నిలదీసింది.

క్లాసులో రెండు జడల పిల్ల ఒకతి ఉంది, తెలివైనది. శనివారం ఆ పిల్ల అదే ల్యాప్‌టాప్ మీద పదీ, పదకొండూ కొట్టింది. ప్రోగ్రాము నోరెత్తకుండా తీసుకుంది. "బానే ఉంది కదా ఆంటీ, మీరే కంగారు పడుతున్నారు," అనేసి వెళ్ళింది. టీచరమ్మ అవే కొట్టింది. మళ్ళీ ఎర్ర అక్షరాలు.

అంటే మిషనుకు తన మీదే కక్షన్నమాట. ఆదివారమంతా ఇంట్లో కూర్చుని ప్రోగ్రామును సరిదిద్దింది. సరిదిద్దినకొద్దీ అది ఇంకా చెడింది. లేచింది, కూర్చుంది. ఫ్రిజ్ తలుపు తీసింది, ఏం కావాలో గుర్తురాక మూసింది. ఉతికిన బట్టలే మళ్ళీ నానబెట్టింది.

"ఈ ల్యాప్‌టాప్ చచ్చుది. ఎవడంటగట్టాడండీ మీకు?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు," అన్నాడాయన నెమ్మదిగా.

మామూలప్పుడైతే ఆ మాటకి ఇల్లు లేచిపోయేది. ఇవాళ ఆవిడ వేళ్ళు కూడా టకటకలాడడం మానేశాయి. అది చూసి ఆయనకి భయం వేసింది. కుర్చీ లాక్కుని పక్కన చేరాడు. ప్రోగ్రాములూ అవీ ఆయనకు తెలియవు. ఆయనకు చేతనైన పని ఒకటే, అదే చేశాడు. ఆవిడ వేళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏదీ, ఒకటి కొట్టు."

కొట్టింది.

"మళ్ళీ కొట్టు."

"ఏమిటండీ, ఆటలా?"

"ఒకటి పై వరసలో ఎడమ చివర కదా ఉంది. మరి నీ కుడి ఉంగరం వేలు ఎందుకు కదులుతోంది?"

ఆవిడ తల వంచి, ఇన్నేళ్ళకు మొదటిసారి, తన వేళ్ళ వైపు చూసుకుంది.

పాత మిషన్ల మీద ఒకటికి మీట లేదు. కుడి ఉంగరం వేలి కిందుండే ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరాన్నే ఒకటిగా కొట్టేవాళ్ళు. చూపుకు రెండూ నిలువు గీతలే. అందరికీ అలాగే నేర్పింది, తన వేలికీ అదే నేర్పింది. కాలేజీ కీబోర్డుకు కుడివైపు అంకెలకు వేరే మీటలున్నాయి కాబట్టి అక్కడ బండారం బయటపడలేదు. ఈ ల్యాప్‌టాప్‌కు అవి లేవు. వేలు తిన్నగా పాత ఇంటికి పోయింది. ఇంట్లో సరిదిద్దిన చోటల్లా ఒకటి బదులు అక్షరమే కూర్చుంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"ఇప్పుడైనా నా చేతుల మీద అట్టపెట్టె తియ్యొచ్చా టీచరమ్మా?" అన్నాడాయన.

"నోరు మూసుకోండి," అంది. నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకుంది.

రాత్రి పడుకునేలోపు అన్నీ ఏరి మార్చింది. కానీ వేలు మాట వినలేదు. బుర్ర ఎడమకంటే అది కుడికంటుంది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా? చివరికి దానికి గుడ్డపీలిక చుట్టి, నడిమి వేలితో కలిపి కట్టేసింది.

సోమవారం పరీక్షించే సారు ఆవిడ కొడుకు వయసువాడు. "పదకొండు వేయండమ్మా," అన్నాడు.

గుడ్డ లోపల వేలు ఎగిరింది. కట్టు ఆపింది. ఎడమ చిటికెన వేలు, కొత్త కోడలు వంటింట్లోకి వెళ్ళినట్టు, భయంభయంగా పైకి పాకి రెండుసార్లు నొక్కింది. తెర మీద రోగి పేరు వచ్చింది.

"వేలికి దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. నేను పాత ఉద్యోగం మానేశాను, అది మానలేదు. అందుకే కట్టేశాను."

సారుకు అర్థం కాలేదు. అయినా మార్కులు వేశాడు, పాసయ్యేలా.

తిరుగు బస్సులో చేతిసంచి మీద వేళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి. కట్టిన రెండూ గింజుకుంటున్నాయి. కాసేపు చూసి ఆవిడే కట్టు విప్పింది. రేపు నిజంగా ఎల్ కొట్టాల్సి వస్తే ఆ ఉంగరం వేలేగా దిక్కు.