బొంబాయిలో ఆగిన మందు

మెదక్ బడిలో కుట్టుపని నేర్పే సువార్తమ్మ భర్త యోసేపుకు క్షయ ముదిరింది. అది పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఆగస్టు. ఇంగ్లండు నుంచి తెప్పించిన కొత్త సూదిమందు బొంబాయిలో దిగిందని దవాఖానా డాక్టరు చెప్పాడు.

"ఆడికెంచి హైదరాబాదుకు ఎంతసేపు సారూ?"

"నాలుగొందల మైళ్లు. విమానంల మూడు గంటలే. ఢిల్లీకి, నిజాం సర్కారుకు పడక విమానాలు బందయినయమ్మా."

"నేనే పోయి తెస్త. తొవ్వ చెప్పుండ్రి."

"సరిహద్దు దాటనియ్యరు. జర ఓపిక పట్టు."

ఆమె రోజూ వెళ్లి అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. యోసేపుకు దగ్గే ఓపిక కూడా పోయింది. గంజి తాగించి, వీపు నిమరడం తప్ప ఆమె ఏమీ చేయలేకపోయింది.

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం నిజాం రాజ్యం మీదికి కదిలిన మూడోనాడు యోసేపు కన్నుమూశాడు. నిజాం లొంగిపోయాడని, విమానాలు మళ్లీ మొదలయ్యాయని డాక్టరు ఇంటికొచ్చి చెప్పినప్పుడు, సువార్తమ్మ ఆయనకు పీట వేసి, యోసేపు గంజి తాగిన గిన్నె తీసి లోపల పెట్టింది.