పరాయి వాకిట్లో గంధరాజాలు

మొన్న జూన్‌లో ఒకరోజు పొద్దున్నే, ఇంకా డికాషన్ దిగకముందే, నా ఫోన్ ఠంగుమంది. మా అబ్బాయి పోయినేడు గుమ్మం పక్కన బిగించిన కెమెరా పంపిన కబురది, మీ ఇంటి ముందు ఎవరో మనిషి ఉన్నాడని. మావారు ఊళ్ళో లేరు, ఇంట్లో నేనొక్కదాన్నే. అమెరికాలో మా క్యారీలాంటి ఊళ్ళలో కాపురాలు చేస్తున్న మీకు నేను చెప్పక్కర్లేదు, ఇక్కడ వాకిట్లోకి మనిషి వచ్చాడంటే పార్సిల్ తెచ్చేవాడే, వాడూ ఆ వేళప్పుడు రాడు. తలుపు తాళం పడిందో లేదో తడిమి చూసుకుని, పోలీసులకి ఫోన్ చేయడానికి సిద్ధపడి, అప్పుడు వీడియో తెరిచాను. పంచె కింద తెల్ల స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ఒక పెద్దాయన, కిరాణా కొట్టు కవరొకటి చేతికి తగిలించుకుని, మా గంధరాజం పొద దగ్గర పువ్వులు కోస్తున్నాడు. ఆ తరవాతి సంగతి చివర్న చెబుతాను గానీ, ముందు మా మామయ్యగారి గురించి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందటి మాట, అప్పుడు మేము ఇక్కడికి పక్క ఊరైన మోరిస్‌విల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మావారిది హెచ్‌వన్, నాది ఆయన్ని పట్టుకు వేళ్ళాడే డిపెండెంట్ వీసా, ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు, గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కాబట్టి గట్టిగా తుమ్మాలన్నా భయం. నేను మొదట్నించీ పిరికిదాన్నే, ఈ దేశం దానికి ఇంకాస్త నెయ్యి పోసింది. అత్తయ్యగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మామయ్యగారు రిటైరయ్యాక ఒక్కరే మా దగ్గరికి కొన్నాళ్ళుండి వెళదామని వచ్చారు, ఆయనకి భయమన్నది తెలియదు. రోడ్డు దాటబోతే కారు ఆగిందని కారుకి దణ్ణం పెట్టేవారు, దారిన పోయే దొర నవ్వి పలకరిస్తే ఆ దొర మనకి ఎక్కడో తెలిసినవాడే అయ్యుంటాడని సాయంత్రం దాకా ఆలోచించేవారు. అన్నిటికంటే ఆయన్ని ఆశ్చర్యపరిచింది ఇళ్ళకి ప్రహరీగోడలు లేకపోవడం. గడ్డి ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఒకే తివాచీలా సాగిపోతుంటే, వీళ్ళకి నాదీ నీదీ అనే పట్టింపు లేదమ్మా, ఎంత మంచివాళ్ళో అని మురిసిపోయేవారు.

ఆయనకి ఉన్న లోటల్లా పువ్వులే. స్టోర్‌లో ఫ్రిజ్‌లోంచి తీసి, తొడిమలకి రబ్బరు బ్యాండు వేసి అమ్మే గులాబీలు తెచ్చిస్తే, వాసన లేని పువ్వు దేవుడికెందుకని పక్కన పెట్టేశారు. అలాంటిది ఒకరోజు నేను లేచేసరికి ఇల్లంతా గంధరాజాల వాసన. ఎన్నాళ్ళయిందో ఆ వాసన పీల్చి, పుట్టింటి పెరడు కళ్ళముందు కదిలి, ఏ జన్మలో పుణ్యమో అనుకుంటూ, ఎక్కడివి మామయ్యగారూ అని అడిగాను. మూల ఇంటి ముందు విరగబూశాయట, ఇంట్లోవాళ్ళు లేవకముందే వెళ్ళి నాలుగు కోసుకొచ్చారట.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మూల ఇల్లు మా అపార్ట్‌మెంట్‌లకి ఎదురు వీధిలోది, వయసు మళ్ళిన అమెరికన్ ఒకాయన ఒంటరిగా ఉండేవాడు, లోపలికి రావద్దని గడ్డిలో బోర్డు కూడా పాతుకున్నాడు. పైగా ఆ పొద ఆయన పడగ్గది కిటికీ కిందే ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే మావారి స్నేహితుడొకాయన భోజనానికి వచ్చి, ఇక్కడ ఒకరి జాగాలో కాలు పెడితే కాల్చేస్తారనీ, అడిగే నాథుడుండడనీ చెప్పి, పప్పుచారు మళ్ళీ వడ్డించుకుని మరీ వెళ్ళాడు. ఆయన చెప్పినదాంట్లో నిజమెంతో నాకు తెలియదు, నిద్ర మాత్రం పోయింది.

మామయ్యగారికి చెప్పి చూశాను. ఆయన నవ్వేశారు. "దేవుడికి కోసే పువ్వుకి ఎవరైనా అడ్డం చెబుతారా అమ్మాయ్?" అన్నారు. ఆయన మాట అబద్ధం కాదు. మన ఊళ్ళలో పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని బయల్దేరిన పెద్దవాళ్ళు గోడ మీంచి చెయ్యి చాపితే ఇంటావిడ చూసీ చూడనట్టు ఊరుకునేది, మరీ అయితే మొగ్గలు తుంచకండి బాబాయిగారూ అనేది, అంతే. అక్కడ గోడ ఉండేది, అడ్డు ఉండేది కాదు. ఇక్కడ గోడ లేదు, ఉన్న అడ్డు ఆయన కళ్ళకి ఆనదు. చివరికి మావారు గట్టిగా చెప్పాక సరేనని తలూపారు. నాకెందుకో ఆ తలూపుడు మీద నమ్మకం కుదరలేదు, రోజూ తెల్లారగట్ల తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునేదాన్ని.

ఎన్నాళ్ళని మేలుకుంటాను, ఒకరోజు కన్నంటుకుంది. లేచేసరికి ముందుగదిలో మామయ్యగారు లేరు, తలుపు దగ్గర చెప్పులు లేవు. మావారు స్నానాల గదిలో ఉన్నారు. నేను నైటీ మీద చున్నీ లాక్కుని, వట్టి కాళ్ళతో పరిగెత్తాను. మూల ఇంటి ముందు పోలీసు కారు ఆగి ఉంది. ఇంటాయన ఫోన్ పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. పొద పక్కన మామయ్యగారు, ఆయనకి ఎదురుగా పోలీసు. చేతులు కనబడేలా పెట్టమని ఆ పోలీసు అరుస్తున్నాడు. ఆ యాస ఈయనకి ఏం తెలుస్తుంది, పువ్వులు తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందనుకుని, రొంటిన దోపుకున్న కవరు కోసం చెయ్యి పంచెలోకి పోనిస్తున్నారు. పోలీసు చెయ్యి నడుం దగ్గర తుపాకీ మీదికి పోయింది.

నాకు చేతులెత్తండి అనాలని కూడా తోచలేదు. ఆ క్షణాన నోటికొచ్చింది ఒక్కటే.

"మామయ్యగారూ, దణ్ణం పెట్టండి!"

ఆ మాట ఆయనకి చిన్నప్పట్నించీ ఒంటబట్టిన మాట, ఎందుకని అడగకుండా చెయ్యి బయటికి తీసి, రెండు చేతులూ జోడించి, పోలీసుకి దణ్ణం పెట్టారు. కవరు జారి పువ్వులు గడ్డిలో పడ్డాయి. పోలీసు చెయ్యి తుపాకీ మీంచి దిగింది.

ఆ తరవాత వచ్చీరాని ఇంగ్లీషులో నేనేం చెప్పానో నాకే గుర్తులేదు. ఆ పోలీసు చివరికి మర్యాదగానే మాట్లాడాడు, కేసేమీ పెట్టలేదు. ఇంటాయన మాత్రం, కిటికీ దగ్గర ఎవరో కదిలారని భయపడ్డానని అదే మాట పదేపదే అన్నాడు. ఫోన్ పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతుండటం నేను చూశాను, చూసి కూడా కాస్తయినా జాలి పడలేదు. నాలుగు పువ్వులకి మనిషి ప్రాణం తీయించబోయావు కదా, నీ ఇల్లు బంగారం గానూ, అని లోపల్లోపలే తిట్టుకున్నాను.

మామయ్యగారు ఆ తరవాత ఇండియా వెళ్ళిపోయేదాకా ఒంటరిగా గడప దాటలేదు, రోడ్డు మీద ఎవరైనా నవ్వి పలకరిస్తే నా వెనక్కి తప్పుకునేవారు. పూజలో పువ్వు వేయాల్సిన చోటల్లా, పువ్వుకి బదులు అక్షతలు సమర్పిస్తున్నాను స్వామీ అని వేసేవారు. శాస్త్రం ఒప్పుకున్నదే, తప్పేమీ లేదు. కానీ ఆ మాట వినబడినప్పుడల్లా నేను వంటింట్లో కళ్ళు తుడుచుకునేదాన్ని. ఆయన మళ్ళీ ఈ దేశం రాలేదు. మేము క్యారీలో ఇల్లు కొనుక్కున్నప్పుడు నేను మొదట నాటించింది గంధరాజాన్నే, అదీ ఇంటి ముందే, దారిన పోయేవాళ్ళ చేతికందేలా.

ఇప్పుడు మొన్నటి సంగతి. ఆ పెద్దాయన నాలుగో ఐదో కోశాడో లేదో, కెమెరా తనంతట తానే, మిమ్మల్ని రికార్డు చేస్తున్నాం అని ఇంగ్లీషులో గట్టిగా అన్నది. ఆయన ఉలిక్కిపడ్డాడు. కవరు కింద పడింది. మూసిన నా తలుపు వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, గబగబా వెళ్ళిపోయాడు. కోసుకోండి బాబాయిగారూ అని అరవాలని తలుపు దగ్గరికి పోతే, వణికే చేతులకి తాళం ఓ పట్టాన రాలేదు. తీసేసరికి వీధి ఖాళీగా ఉంది. మూల ఇంటాయన చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో భయమంటే వాళ్ళ ఇళ్ళలో ఉండేది, మనం బయట ఉండేవాళ్ళం. ఇన్నేళ్ళకి ఇల్లొచ్చింది, కాగితాలొచ్చాయి, ఆ భయం కూడా మనదయిపోయింది. ఆ కెమెరా ఊడబీకించి, రోజూ పొద్దున్నే తలుపు తీసి, కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడుతున్నాను. ఆ పెద్దాయన రాలేదు. ఏ కోడలో ఏడ్చి, ఒట్టు వేయించుకుని ఉంటుంది. పువ్వులు పసుపుపచ్చబడి కొమ్మ మీదే వాడిపోతున్నాయి. కోయడానికి నాకు చెయ్యి రావడం లేదు, దేవుడికి అక్షతలే వేస్తున్నాను.