బుద్ధిమంతుడి కంచం

మొన్న పక్కింటావిడ వచ్చి మా నాలుగేళ్ళ మనవణ్ణి తెగ మెచ్చుకుంది. వాళ్ళింట్లో జంతికలు పెడితే ముట్టుకోలేదట, ఎంత బుద్ధిమంతుడో అని. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళవాడు జంతికలు వద్దన్నాడంటే వాడికి జ్వరమన్నా వచ్చుండాలి, ఎవరన్నా భయపెట్టైనా ఉండాలి, ఇందులో బుద్ధి ఎక్కడుందని గట్టిగా అడిగేశాను. ఆవిడ బిత్తరపోయి వెళ్ళిపోయింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. నేను అరిచింది ఆవిడ మీద కాదు, గుడివాడ దొడ్డమ్మ మీద.

దొడ్డమ్మంటే మా పెదనాన్నగారి భార్య. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో, తొమ్మిదో. అమ్మకి బందరు ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. నాన్న అక్కడే ఉండాల్సి రావడంతో మోపిదేవి దగ్గర మా ఊరి నుంచి నన్నూ తమ్ముణ్ణీ గుడివాడ పంపారు. వాడికి ఐదేళ్ళు, నాకు తొమ్మిది. వాడికి ముద్దపప్పులో నెయ్యి కారాలి, పెరుగు మీద మీగడ తేలాలి, ఆ పైన ‘ఇంకొంచెం’ అనాలి. ఆ మాటకి మా అమ్మ మురిసిపోయేది. గుడివాడలో మొదటి పూటే వాడు కంచం ముందుకు జరిపి ఆ మాటన్నాడు. కరువులోంచి వచ్చావేంట్రా అని దొడ్డమ్మ అందరి ముందూ అనేసింది. పెదనాన్న నవ్వారు. నెయ్యి మాత్రం పడలేదు.

లేని ఇల్లా అంటే, కానే కాదు. కొట్టం నిండా గేదెలు, గాదె నిండా ధాన్యం. ఆవిడకి కావలసింది మర్యాద. అడిగితే గోడవైపు తిప్పి కూర్చోబెట్టేది. ‘వద్దండీ, చాలండీ’ అంటేనే కంచం దగ్గరికి రానిచ్చేది. వాడికి ఆకలేస్తోందని నేనంటే, ఆడపిల్లకి ఎదురుమాటలేంటని నన్నూ కసిరింది. అన్నిటికన్నా ఘోరం, చుట్టాలొస్తే వాణ్ణి పిలిచి, సున్నుండ మూతి దాకా తెచ్చి కావాలా నాన్నా అని అడిగేది. వాడు గుటక మింగి వద్దండీ అనేవాడు. వచ్చినవాళ్ళు ఆహా అనేవారు. సున్నుండ మళ్ళీ డబ్బాలోకి వెళ్ళిపోయేది. కోతినాడించేవాడు కూడా ఆటయ్యాక కోతికి అరటిపండు పెడతాడే!

రెండు నెలలకి అమ్మ మమ్మల్ని ఇంటికి తెచ్చుకుంది. మనిషి సగమైపోయింది. అయినా ఆ మధ్యాహ్నం తనే లేచి పప్పు వండి, వాడికి కలిపి పెట్టింది. పెట్టిందంతా తిన్నాడు. అమ్మ మళ్ళీ గరిటె తీసుకోగానే రెండు చేతులూ కంచం మీద కప్పేసి, “వద్దండీ, చాలండీ” అన్నాడు.

ఆటలాడుతున్నాడనుకుని అమ్మ నవ్వింది. “ఎవర్నిరా అండీ అంటున్నావు? నేను అమ్మనిరా.”

వాడు నవ్వలేదు. సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు చూశాడు. అమ్మ గరిటె కింద పెట్టేసింది.

“ఏం చేశారే వీణ్ణి?” అని నన్నడిగింది. అంతా చెప్పాను.

అమ్మ ఎవర్నీ ఒక్క మాట అనలేదు, నాకు అదింకో మంట. మర్నాటి నుంచి వాడి పక్కనే కూర్చుని, గరిటె వాడి చేతికిచ్చి, ఇంకొంచెం వెయ్యరా ఆకలేస్తోంది అని తనే అడగడం మొదలుపెట్టింది. వేసింది సగం కూడా తినలేకపోయేది, అయినా అడిగేది. పోగా పోగా వాడి నోట ‘అండీ’ పోయింది. ‘ఇంకొంచెం’ మాత్రం తిరిగి రాలేదు. దొడ్డమ్మేమో బతికినన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో వాణ్ణి చూపించి, మర్యాద నేర్పింది తనేనని చెప్పుకుంది.

తమ్ముడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. మా ఇంటికొస్తే వాణ్ణి అడగను, వడ్డించేస్తాను. ఎంత వేస్తే అంతా తింటాడు, ఇంకా కావాలా అంటే చాలంటాడు. గుడివాడ సంగతి ఎత్తితే, మనం అక్కడ ఉన్నామా అక్కా అని ఆశ్చర్యపోతాడు. కాలం మరిపించడంలో గట్టిదే. దొడ్డమ్మనీ మరిచిపోయాడు, ఆ ఇంటినీ మరిచిపోయాడు, ఆకలేస్తే నోరు తెరిచి అడగడం కూడా మరిచిపోయాడు.